ఎక్స్‌రేలో ఏమీ లేదంటే పగులు లేనట్టేనా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్లు అడిగినప్పుడు ముందుగా మా మనసులోకి వచ్చినవి ఎప్పటి సంగతులే. మెస్ ఛార్జీలు, స్కాలర్‌షిప్పు ఆలస్యం, బాత్‌రూము తలుపులు. అవి ప్రతి సంచికలోనూ వస్తాయి, రావాలి కూడా. ఈసారి మాత్రం మేము పీజీలో రెండేళ్లుగా తలమునకలైన విషయం గురించి రాస్తున్నాం. లోహాల్లో పుట్టే పగుళ్లను ఎక్స్‌రేతో చూడటం. ఇదేం వార్షికోత్సవం సరుకని పేజీ తిప్పేయకండి. మాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది యూనివర్సిటీలో కాదు, ఈ హాస్టల్ గదిలోనే.

డిగ్రీ ఆఖరి ఏడాది మా గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. అందులో ఒకడు కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారయ్యేవాడు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. అప్పట్లో ఉన్నవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి తారురోడ్డు మీద పరుగు. అసలు పరీక్షలో 1600 మీటర్లే కదా, రోజూ దానికి నాలుగింతలు పరుగెత్తితే ఆ రోజు తేలిగ్గా ఉంటుందని ఎవరో చెప్పారు. వాడి బూట్ల అడుగుభాగం అప్పటికే అరిగిపోయి అట్టలా అయింది. నెల తిరగకుండానే కుడికాలి ముందు ఎముక మీద, మోకాలికి జానెడు కింద, ఒకే ఒక్కచోట నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే ప్రాణం పోయినంత పనయ్యేది. రెండు రోజులు పరుగు మానేస్తే తగ్గేది, మళ్లీ పరుగెత్తితే వచ్చేది.

ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీశారు. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు, కండరం పట్టేసింది, మాత్రలు వేసుకో’ అన్నారు. సాయంత్రం వాళ్ల నాన్న ఊరి నుంచి ఫోన్ చేశాడు. “ఫొటోలో ఏం లేదన్నారు కదరా, మరి ఇంకేంటి?” అన్నాడు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినవాళ్లలో మేమే మొదటివాళ్లం. డాక్టరు గారిని రెండో ప్రశ్న అడగొచ్చని మా పెద్దవాళ్లకు తెలియదు, అప్పటికి మాకూ తెలియదు. పైగా మేము ఇంకో అడుగు ముందుకు వేశాం. ‘ఈవెంట్స్ దగ్గర పడేసరికి భయం పట్టుకుంది, అంతా నాటకం’ అన్నాం. ఆ మాట అన్నవాళ్లలో ఈ వ్యాసం రాస్తున్న మేమూ ఉన్నాం. వాడికి పౌరుషం వచ్చి మర్నాటి నుంచి మళ్లీ పరుగందుకున్నాడు. పదకొండో రోజున రోడ్డు మధ్యలో కూలబడిపోయాడు. ఆటోలో వేసుకుని తీసుకెళ్లాం. రెండో ఎక్స్‌రేలో ఎముకకు అడ్డంగా గీత స్పష్టంగా కనిపించింది. సెలక్షన్ల రోజు వాడు కాలికి పిండికట్టుతో మంచం మీద ఉన్నాడు.

మొదటి ఎక్స్‌రే అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. అది చూపగలిగింది చూపింది. దాన్ని చూసి ‘ఏమీ లేదు’ అన్నది మనుషులు. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియకపోతే ఎముకలే కాదు, రైలు చక్రాలూ విమానం ఇంజన్లూ విరుగుతాయన్నది మా అభిప్రాయం. అభిప్రాయమంటే ఊరికే కాదు, రెండేళ్లు చదివాక ఏర్పడినది.

బకెట్టు తీగ హ్యాండిల్‌ను అటూ ఇటూ పదిసార్లు వంచి విరగ్గొట్టనివాడు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. ఒక్కసారి గట్టిగా లాగితే తెగని తీగ, కొద్దికొద్దిగా వంచితే తెగుతుంది. దీన్నే ఇంజినీర్లు ఫెటీగ్ అంటారు. అంటే అలుపు. మనిషికి పని వల్ల వచ్చే అలుపు రాత్రి నిద్రపోతే పోతుంది. లోహానికి వచ్చిన అలుపు పోదు, లోపల ఎక్కడో లెక్కకు జమ అవుతూనే ఉంటుంది. ఇంకో తేడా కూడా చెప్పాలి. తీగను వంచేటప్పుడు అది వంగడం మన కంటికి కనిపిస్తుంది. యంత్రాల్లో అలా ఉండదు. ఇరుసు వంగినట్టే కనబడదు, అది తట్టుకోగల బరువులో సగం కూడా దాని మీద ఉండకపోవచ్చు. అయినా లక్షల సార్లు బరువు పడి, తీసి, పడి, తీసి, ఏదో ఒక చిన్న లోపం దగ్గర వెంట్రుకలో వందో వంతు పగులు పుడుతుంది. బరువు పడిన ప్రతిసారీ అది ఇంచుక ముందుకు పాకుతుంది. మిగిలిన లోహం ఇక మోయలేని స్థితి వచ్చిన రోజున ఒక్క క్షణంలో విరుగుతుంది. చూసినవాళ్లు ఉన్నట్టుండి విరిగిందంటారు. దాని లెక్క మాత్రం ఏళ్ల కిందటే మొదలై ఉంటుంది.

లక్షల సార్లంటే అతిశయోక్తి అనుకోకండి. రైలు పెట్టె చక్రం అడ్డం దాదాపు 90 సెంటీమీటర్లు. చక్రం ఒక్కసారి తిరిగితే దాదాపు 2.9 మీటర్లు ముందుకు పోతుంది. ఇరుసులో ఇప్పుడు పైన ఉన్న భాగం సగం చుట్టు తిరిగేసరికి కిందికి వస్తుంది. అంటే ఒక్క చుట్టులో అది ఒకసారి సాగదీయబడి, ఒకసారి నొక్కబడుతుంది. సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం సుమారు 700 కిలోమీటర్లు. ఒక్క రాత్రి ప్రయాణంలో ఆ ఇరుసు దాదాపు రెండున్నర లక్షల సార్లు ఇలా సాగి నలుగుతుంది. మన మిత్రుడి కాలి లెక్క కూడా వేశాం. 6400 మీటర్లలో ఒక్కో కాలు మూడు వేలసార్లకు పైగా నేలను తాకుతుంది. నెలకు దాదాపు లక్ష. అదీ అట్ట లాంటి బూట్లతో, తారురోడ్డు మీద.

1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర ఇంజను ఇరుసు విరిగి రైలు మంటల్లో చిక్కుకుంది, యాభై మందికి పైగా చనిపోయారు. ఇరుసు బలమైనదే, బరువు మించలేదు, మరి ఎందుకు విరిగిందన్న ప్రశ్న అక్కడి నుంచి ఇంజినీర్లను వదల్లేదు. జర్మనీలో రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ 1850ల నుంచి 1870 దాకా ఇరుసులను యంత్రాలకు బిగించి, రోజుల తరబడి తిప్పి, ఎన్ని చుట్లకు విరుగుతున్నాయో లెక్కపెట్టాడు. ఎంత బరువు వేశామన్నదొక్కటే కాదు, ఎన్నిసార్లు వేసి తీశామన్నదీ లెక్కేనని తేల్చాడు. మెటీరియల్ సైన్సు పుస్తకాల్లో ఈనాటికీ గీయించే గీత అక్కడి నుంచి వచ్చిందే. వోలర్ దగ్గర ఎక్స్‌రే లేదు. లోపల పగులు ఎలా పెరుగుతోందో ఆయన చూడలేదు. విరిగాక ముక్కలు చూశాడు.

ఎక్స్‌రే 1895 నవంబరులో రాంట్‌జెన్ కంటపడింది. భార్య చేతి ఎముకలు, వేలి ఉంగరం ఉన్న బొమ్మ మీరూ చూసే ఉంటారు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆయన తన వేటతుపాకీని కూడా ఎక్స్‌రే తీశాడు. ఉక్కు గొట్టం లోపలి తూటాలూ, లోహంలోని లోపాలూ అందులో కనిపించాయి. అంటే మనిషి చెయ్యీ, లోహమూ దాదాపు ఒకేసారి ఎక్స్‌రే ముందుకు వచ్చాయన్నమాట. (ఆయన దీని మీద పేటెంటు తీసుకోలేదు. తీసుకుని ఉంటే మన జిల్లా ఆసుపత్రుల దాకా అది ఎప్పుడు వచ్చేదో!)

ఇక అసలు చిక్కు. ఎక్స్‌రే పగుళ్లను వెతకదు. దారిలో ఎంత పదార్థం అడ్డొచ్చిందో మాత్రమే కొలుస్తుంది. పోతపోసిన ఇనుములో గాలిబుడగ ఉంటే అంతమేర పదార్థం తక్కువ, కనుక ఫిల్ము మీద అక్కడ నల్లమచ్చ పడుతుంది. అలసట వల్ల వచ్చిన పగులు అలా బోలుగా ఉండదు. దాని రెండు ముఖాలూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటాయి. మామూలు ఫిల్ము మీద మందంలో రెండు శాతం తేడా ఉంటే గాని సరిగా కనబడదు. 20 మిల్లీమీటర్ల పలకలో రెండు శాతమంటే 0.4 మిల్లీమీటర్లు. పగులు నోరు 0.005 మిల్లీమీటర్లు ఉందనుకోండి, కిరణం దానికి ఎదురుగా వచ్చి గుద్దుకుంటే తగ్గే పదార్థం అంతే. ఫిల్ముకు అది తెలిసే అవకాశమే లేదు. అదే కిరణం పగులు వెంబడి, దాని లోతులోకి సాగిపోతే మిల్లీమీటర్ల కొద్దీ ఖాళీ దొరుకుతుంది, గీత కనబడుతుంది. పాత చెక్క తలుపు సందులోంచి వెలుగు చూడండి. కన్ను సరిగ్గా సందుకు ఎదురుగా ఉంటేనే అవతలి దీపం కనిపిస్తుంది. తల కాస్త పక్కకు జరిపితే సందు లేనట్టే ఉంటుంది.

మా ప్రాజెక్టులో దీన్ని చేసి చూశాం. 6 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం ముక్కకు గాటు పెట్టి, యంత్రం మీద ఊపి ఊపి, సగం దాకా పగులు తెప్పించాం. కిరణానికి సరిగ్గా వరసలో పెట్టి తీస్తే బ్లేడుతో గీసినట్టు గీత. పది డిగ్రీలు తిప్పి తీస్తే మసక. ఇరవై డిగ్రీలకు ఏమీ లేదు. అదే ముక్క, అదే పగులు, అదే యంత్రం. ఆ మూడో ఫిల్ము చేత్తో పట్టుకున్నప్పుడు మాకు గది గుర్తొచ్చింది, మేమన్న మాట గుర్తొచ్చింది. ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు.

అందుకే రైలు పట్టాలను ఎక్స్‌రేతో కాకుండా అతిధ్వనులతో తనిఖీ చేస్తారు. పట్టా మీద చిన్న ట్రాలీ తోసుకుంటూ పోయే మనుషులను మీలో కొందరు చూసే ఉంటారు. అతిధ్వనికి పగులు ఎంత సన్నగా ఉందన్నదానితో పెద్ద పని లేదు, అడ్డంగా ఒక ముఖం ఉంటే చాలు, తగిలి తిరిగొస్తుంది. దానికీ దాని లోపాలు ఉన్నాయి. ఏ పద్ధతికైనా ఉంటాయి. 1989 జులై 19న అమెరికాలో సూ సిటీ దగ్గర కూలిన డీసీ-10 విమానంలో 296 మంది ఉంటే 112 మంది చనిపోయారు. తోక ఇంజనులోని టైటానియం చక్రం అలసట పగులు వల్ల ముక్కలైంది. 760 ప్రయాణాల ముందు ఆ చక్రాన్ని మెరిసే రంగుద్రవం పూసి పరీక్షించి, బాగుందని పంపారు. అప్పటికే అందులో పగులు ఉందని, తనిఖీలో కనిపెట్టవలసినదేనని విచారణ తేల్చింది. 1998 జూన్ 3న జర్మనీలో ఎషెడె దగ్గర అతివేగపు రైలు పట్టా తప్పి 101 మంది చనిపోయారు. అక్కడ చక్రపు ఉక్కు పట్టీ లోపలివైపు నుంచి పగిలింది. బయటి నుంచి చూసేవాడికి లోపలి ముఖం ఎలా తెలుస్తుంది? ఈ రెండుచోట్లా ఎక్కడో ఒక కాగితం మీద ‘బాగుంది’ అని రాసి ఉంటుంది. మేము ఈ విషయం గురించి చదివినప్పుడల్లా ఆ కాగితం గురించే ఆలోచిస్తాం.

మరి ఎక్స్‌రే పనికిరాదా అంటే, అలా అనడం లేదు. ఒకే కోణం నుంచి చూస్తే పగులు దాక్కుంటోంది కదా, వందల కోణాల నుంచి చూస్తే? అదే సీటీ స్కాన్. దాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డిప్లొమా మనిషి, యూనివర్సిటీ డిగ్రీ చదవలేదు. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటిసారి రోగి తలను స్కాన్ చేశారు. 1979లో ఆయనకు, గణితం వైపు నుంచి పనిచేసిన కార్మాక్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. పాలిటెక్నిక్ తమ్ముళ్లు ఈ వాక్యం కింద గీత గీసుకోవచ్చు.

ఆసుపత్రిలో యంత్రం మనిషి చుట్టూ తిరుగుతుంది. లోహం విషయంలో లోహపు ముక్కే తిరుగుతుంది. దానికి వాడే కిరణం కూడా అన్నిసార్లూ మామూలు గొట్టంలోంచే రాదు. ఎలక్ట్రాన్లను దాదాపు కాంతివేగంతో ఒక పెద్ద వలయంలో తిప్పితే, మలుపు తిరిగినచోట అవి ఎక్స్‌రేలు వెదజల్లుతాయి. దాన్ని సింక్రోట్రాన్ అంటారు. ఫ్రాన్సులో గ్రెనోబుల్‌లో ఉన్నది 844 మీటర్ల చుట్టుకొలత, జపాన్‌లోని స్ప్రింగ్-8 దాదాపు 1436 మీటర్లు. మన ఇండోర్‌లోని ఇండస్-2 దాదాపు 172 మీటర్లు.

ఆ కిరణానికి ఉన్న గొప్ప గుణం ఒకటుంది, మన నీళ్లతొట్టి దగ్గర చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మధ్యాహ్నం ఎండలో తొట్టిలో నీళ్లు కదిలినప్పుడు అడుగున వెలుగుగీతలు వలలా ఆడుతుంటాయి, చూశారా? నీళ్లు వెలుగును మింగలేదు, కొద్దిగా వంచాయంతే. వంగిన వెలుగు పోగై గీతలయ్యాయి. నీళ్లు మరీ లోతు తక్కువైతే గీతలు ఏర్పడవు, కొంత దూరం కావాలి. ఎక్స్‌రేలు కూడా లోహానికీ గాలికీ నడుమ అంచు దగ్గర అత్యల్పంగా వంగుతాయి. కిరణం తీరైనదైతే, ఫిల్ము బదులు పెట్టే కెమెరాను కాస్త దూరంగా పెడితే, పగులు అంచు వెంట వెలుగూ చీకటీ గీతలు కడతాయి. అంటే మింగినదాన్ని కాకుండా వంచినదాన్ని చూడటం. మింగుడులో తేడా లేనంత సన్నని పగులు కూడా ఇందులో పట్టుబడుతుంది.

దీనితో ఏం తెలిసిందో చెప్పాలి, లేకపోతే యంత్రం గొప్పలు చెప్పినట్టవుతుంది. లియోన్, గ్రెనోబుల్ పరిశోధకులు పోత అల్యూమినియం ముక్కలను చిన్న యంత్రానికి బిగించి, కిరణం ముందే ఊపుతూ, ఆపుతూ, బొమ్మలు తీశారు. పైన చూస్తే ఒక్క గీతలా ఉన్న పగులు, లోపల తిన్నగా పోవడం లేదు. లోహం కంటికి ఒకే ముద్దలా ఉన్నా లోపల చక్కెర పలుకుల్లాంటి రేణువులతో కట్టి ఉంటుంది. రేణువుకూ రేణువుకూ మధ్య సరిహద్దు దగ్గర పగులు కొన్నిచోట్ల ఆగుతుంది, కొన్నిచోట్ల దారి మళ్లుతుంది. మొదట్లో ఆ సరిహద్దులు ఎక్స్‌రేలో కనిపించేవి కావు. వాళ్లొక ఉపాయం చేశారు. చేతి వెచ్చదనానికే కరిగే గాలియం లోహాన్ని పూస్తే అది అల్యూమినియం రేణువుల సందుల్లోకి ఇంకిపోతుంది, అప్పుడు సరిహద్దులన్నీ స్పష్టంగా బయటపడతాయి. కాకపోతే గాలియం ఇంకాక ఆ ముక్క పని అయిపోయినట్టే, ముట్టుకుంటే విడిపోతుంది. కనుక పగులు పెంచడమంతా పూర్తయ్యాకే పూస్తారు. తర్వాత ముక్కను పాడుచేయకుండానే ఒక్కో రేణువు ఎటు తిరిగి ఉందో చెప్పగల పద్ధతి కూడా వచ్చింది. టైటానియంలో చిన్న పగులు పెరుగుదలను ఆ పద్ధతితో 2010 ప్రాంతంలో రేణువు రేణువుగా అనుసరించారు.

ఇంకొకటి మాకు బాగా నచ్చినది. 1970లో ఎల్బర్ అనే శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. పగిలిన ముక్కను ఇంకా లాగుతూ ఉండగానే, బరువు పూర్తిగా తీయకముందే, పగులు ముఖాలు ఒకదానికొకటి ఆనుకుంటాయట. అంటే బరువులో కొంతభాగం పగులు నోరు తెరవడానికే సరిపోతుంది, మిగిలింది మాత్రమే దాన్ని పెంచుతుంది. బయటి కొలతలతో దీని మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 1990ల నుంచి ఎక్స్‌రే టోమోగ్రఫీతో లోపలే చూడటం మొదలయ్యాక తెలిసిందేమిటంటే, ముఖాలు అంతటా ఒకేసారి మూసుకోవు. అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క ఆనుకుంటాయి, మిగతాది తెరిచే ఉంటుంది. బయట నిలబడి వాదించుకున్న రెండు పక్షాల చేతుల్లోనూ సగం సగం నిజమే ఉందని మాకు అనిపించింది.

ఇప్పుడు ఈ యంత్రం పరిమితి. అరమైక్రాన్, ఒక మైక్రాన్ వివరం కావాలంటే ముక్క అగ్గిపుల్లంత ఉండాలి. కెమెరాలో అడ్డంగా 2048 చుక్కలుండి, ఒక్కో చుక్క 0.7 మైక్రాన్లయితే, మొత్తం కనిపించేది దాదాపు 1.4 మిల్లీమీటర్లే. ఉక్కయితే కిరణాన్ని మింగేస్తుంది కనుక ఇంకా సన్నగా ఉండాలి. అల్యూమినియం మీద ఇన్ని పరిశోధనలు రావడానికి అదీ ఒక కారణం. రైలు ఇరుసును దీనిలో పెట్టలేం. ‘మరి అగ్గిపుల్ల చూడటానికి కోట్ల రూపాయల వలయమా?’ అని మా సీనియర్ ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. ఇరుసును తనిఖీ చేయడానికి కాదు, ఇరుసును ఎన్నాళ్లకొకసారి తనిఖీ చేయాలో చెప్పడానికి ఇది కావాలి. పగులు ఎంత వేగంగా పెరుగుతుందో తెలిస్తేనే ఆ గడువు పెట్టగలం. గడువు తప్పుగా పెడితే, ట్రాలీ తోసుకుంటూ పోయే మనిషి ఎంత నిజాయితీగా పనిచేసినా లాభం లేదు. ఆ మనుషులు ఏ ఇళ్ల నుంచి వస్తారో మనకు వేరే చెప్పక్కర్లేదు. చలికాలం రాత్రుళ్లు పట్టా విరిగిందేమోనని లైటు పట్టుకుని మైళ్ల కొద్దీ నడిచే గ్యాంగ్‌మన్ల పిల్లలు మన హాస్టల్లోనే నలుగురున్నారు.

దీనికి కలిసే మరో మాట. ఐటీఐ, డిప్లొమా చదివిన మన అన్నలు కొందరు పైపులైను పనుల్లో, విశాఖలో, గల్ఫ్‌లో రేడియోగ్రఫీ హెల్పర్లుగా చేరుతున్నారు. వెల్డింగు అతుకులకు ఇరిడియం-192 అనే రేడియోధార్మిక మూలకంతో ఫిల్ము తీసే పని. అది 74 రోజులకు సగం అవుతుంది గాని ఆ తర్వాత కూడా ప్రమాదకరమే. ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసిన మన అన్న ఒకాయనకు ఆరు నెలలు టీఎల్‌డీ బ్యాడ్జీయే ఇవ్వలేదు. ఛాతీకి తగిలించుకునే ఆ చిన్న బ్యాడ్జీయే ఒంట్లోకి ఎంత వికిరణం పోయిందో చెప్పేది. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం అది లేకుండా ఆ పని చేయించకూడదు. అడిగితే ‘కొత్తవాడివి, నీకెందుకు’ అన్నారట. తమ్ముళ్లూ, అడగండి. బ్యాడ్జీ లేకపోతే కెమెరా ముట్టుకోకండి. రోజు కూలి పోతే పోయింది.

అంతకన్నా ముఖ్యంగా, పెట్టె మోయడం దగ్గరే ఆగిపోకండి. ఈ రంగంలో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టువాడు ఇతరుల పర్యవేక్షణలో ఫిల్ము తీస్తాడు. రెండో మెట్టువాడు దాన్ని చదివి, అతుకు పనికొస్తుందో లేదో సంతకం పెడతాడు. మూడో మెట్టువాడు ఎలా తీయాలో పద్ధతి నిర్ణయిస్తాడు. మనవాళ్లు ఎక్కువమంది మొదటి మెట్టుకు కూడా చేరకుండా హెల్పర్లుగానే ఉండిపోతున్నారు. కారణం తెలివి తక్కువై కాదు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పరీక్ష ఫీజు నెల జీతమంత ఉంటుంది, చెప్పేవాడు ఉండడు. ఫీజు విషయంలో సంక్షేమశాఖ సాయం చేయాలన్నది మా డిమాండు. చెప్పేవాడి విషయంలో మాత్రం శాఖ దాకా పోనక్కర్లేదు, పూర్వ విద్యార్థుల సంఘం తలచుకుంటే వేసవి సెలవుల్లో పదిహేను రోజుల తరగతులు పెట్టొచ్చు. మేము వస్తాం, ఫీజేమీ అక్కర్లేదు, మెస్‌లో భోజనం పెడితే చాలు.

‘మనకు గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ చాలు, ఈ సింక్రోట్రాన్‌లు ఐఐటీ పిల్లలకు’ అనే అన్నలకు కూడా ఒక మాట. గ్రూప్స్ రాయొద్దని మేమనడం లేదు, మాలో ఒకరు రాస్తూనే ఉన్నారు. కానీ ఇండస్-2 ప్రజల డబ్బుతో కట్టినది. ఎక్స్‌రే ఇమేజింగ్ కోసమే అక్కడొక కిరణమార్గం ఉంది. యూనివర్సిటీల వాళ్లు ప్రతిపాదన రాసి పంపితే, పరిశీలించి సమయం కేటాయిస్తారు. ఆ ప్రతిపాదన కాగితంలో తండ్రి వృత్తి గడి ఉండదు. బీఎస్సీ ఫిజిక్సు, కెమిస్ట్రీ చదువుతున్నవాళ్లు పీజీకి మెటీరియల్ సైన్సు అన్నదొకటి ఉందని తెలుసుకోండి. మాకు ఆ మాట తెలిసింది కౌన్సెలింగ్ హాల్లో, పక్కన కూర్చున్న అబ్బాయి ఫారం చూసి.

తిరిగి మా గది మిత్రుడి కాలి దగ్గరికి. ఎముకకు కూడా ఇదే అలుపు వస్తుంది. 1855లోనే జర్మనీ సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్, దూరాలు కవాతు చేసిన సైనికుల పాదాల్లో ఈ నొప్పిని వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టనేలేదు, అది విరుగుడని ఆయనకూ తెలియదు. ఇలాంటి విరుగుడు మొదటి రెండు మూడు వారాలు మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. తర్వాత కనిపించేది కూడా తరచు పగులు కాదు, దాని చుట్టూ ఎముక కట్టుకుంటున్న కొత్త పూత. ఎముక తనను తాను మాన్పుకుంటుంది కనుకే మనకు ఆ గుర్తు దొరుకుతోంది. ఇనుముకు ఆ వరం లేదు. ఎమ్మారై అయితే ముందే చూపుతుంది, కాకపోతే అది అందరికీ అందదు. అందేది వేలు. ముందు ఎముక మీద ఒకేచోట, నొక్కితే ప్రాణం పోయే నొప్పి, పరుగెత్తితే పెరిగి ఆపితే తగ్గే నొప్పి ఉంటే పరుగు ఆపేయండి. డాక్టరు గారితో ‘సార్, ఇది అలుపు విరుగుడేమో, రెండు వారాల తర్వాత మళ్లీ తీయించమంటారా?’ అని అడగండి. కోప్పడితే కోప్పడనివ్వండి. ఈ ఏడాది సెలక్షన్లకు తయారవుతున్న తమ్ముళ్లు పద్నాలుగు మంది ఉన్నారని విన్నాం. మైదానంలో మట్టి మీద పరుగెత్తండి, తారురోడ్డు మీద వద్దు. దూరం వారానికి కొంచెం కొంచెంగా పెంచండి. బూట్ల కోసం పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటున్నాం, జాబితా వార్డెన్ సార్ దగ్గర ఉంది.

మా మిత్రుడు ఆ తర్వాతి నోటిఫికేషన్‌కు వయసు మించిపోయి, ఇప్పుడు మండలంలో ఎరువుల షాపు నడుపుతున్నాడు. పోయిన నెల వాడి దగ్గరికి వెళ్లి ఈ వ్యాసం సంగతి చెప్పి, ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడిగాం. నవ్వి, లోపలికి వెళ్లి, పెట్టె అడుగునుంచి రెండు ఫిల్ములు తెచ్చి చేతిలో పెట్టాడు. వార్షికోత్సవం రోజున వాటిని రీడింగ్ రూము తూర్పు కిటికీకి పక్కపక్కన అతికిస్తాం. ముందు ఎడమవైపుది చూడండి. చూసి, మీకేం కనిపించిందో పక్కన పెట్టిన కాగితం మీద రాసి, అప్పుడు కుడివైపుది చూడండి.